ఓడిపోవు జట్టును బాగుచేయుట యెట్లు?

మా పాఠశాలలో చదివి, ఇప్పుడు అమెరికాలోని షికాగో నగరమున ఉద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు 2024 సంవత్సరాంతమున మాకొక దీర్ఘమైన ఉత్తరము వ్రాసెను. అందు కుశలప్రశ్నలు రెండు పంక్తులు. తక్కిన ఆరు పుటలును తన నగరపు బేస్‌బాల్ జట్టును బాగుచేయు మార్గములను గూర్చియే. ఆ జట్టు పేరు వైట్ సాక్స్, అనగా తెల్ల మేజోళ్లు. అది ఆ సంవత్సరము 162 ఆటలాడి 121 ఓడినది. 1900 తరువాత ఏ జట్టును ఒక్క సంవత్సరములో అన్ని ఆటలు ఓడలేదు. 1962లో న్యూయార్కు మెట్స్ జట్టు 120 ఓడి నెలకొల్పిన అపకీర్తి అంతటితో తొలగిపోయినది. ఈ పిల్లవాడు బడిలో నున్నప్పుడు తాను ఆడువాడు కాడు. చెట్టునీడన కూర్చుండి ఆడువారికి సలహాలు చెప్పువాడు. ఆ గుణము సముద్రము దాటినను పోలేదని నవ్వుకొంటిమి. కాని ఉత్తరము రెండవసారి చదివినప్పుడు, అందలి ప్రశ్న నవ్వదగినది కాదని తోచినది. తనది కాని జట్టు ఓడినప్పుడు, దానిపై ఏ అధికారమును లేని మనుష్యుడు చేయగలిగినదేమి?

ముందుగా ఆట నెరుగని బాలబాలికల కొరకు నాలుగు మాటలు. క్రికెట్టు తెలిసినవారికి బేస్‌బాల్ కష్టము కాదు. ఒక్కొక్క పక్షమున తొమ్మండుగురు, ఇన్నింగ్సులును తొమ్మిది. మైదానమున నాలుగు మూలల నాలుగు బేసులుండును. ఒక బేసునుండి మరియొక దానికి దూరము 90 అడుగులు. బంతి విసరువానిని పిచ్చరందురు. అతడు నేలకు తాకకుండ బంతిని సూటిగా విసరును. బ్యాటరు దానిని కొట్టి, బేసులన్నియు చుట్టి వచ్చినచో ఒక పరుగు. సరియైన మూడు బంతులను తప్పినచో అతడు అవుటు. పిచ్చరు గతి తప్పి నాలుగు బంతులను హద్దు వెలుపల విసరినచో, బ్యాటరు కొట్టకయే మొదటి బేసునకు నడచిపోవచ్చును. ఈ నడకను జ్ఞాపక ముంచుకొనవలెను. మనకు మరల దీనితో పని కలదు. ముగ్గురు అవుటైనచో ఆ పక్షము వంతు ముగియును. పెద్ద లీగులలో 30 జట్లు మార్చి చివరినుండి సెప్టెంబరు చివరివరకు దాదాపు ప్రతిదినమును ఆడుచుండును. ఎంత మంచి జట్టైనను సాధారణముగా ఏబది అరువది ఆటలు ఓడును. ఎంత చెడ్డదైనను సాధారణముగా ఏబది అరువది గెలుచును. అందుచేతనే 121 అనునది సామాన్యమైన సంఖ్య కాదు.

మా శిష్యుని మొదటి సలహా: మేనేజరును మార్చవలెను. ప్రతి అభిమానియు మొదట చెప్పునది ఇదియే. యజమానులును మొదట చేయునది ఇదియే, ఏలయన ఇది చౌక. వైట్ సాక్స్ వరుసగా 21 ఆటలు ఓడి, ఆ పరంపర తెగిన రెండు దినములకే, ఆగస్టులో, మేనేజరును తొలగించిరి. అప్పటికి 117 ఆటలలో గెలుపులు 28. క్రొత్తవాని క్రింద ఆడిన 45 ఆటలలో గెలుపులు 13. లెక్క వేసి చూడుడు: నూటికి 24 నుండి 29కి వచ్చినది. రోగికి వైద్యుని మార్చిరి గాని మందు మార్చలేదు.

రెండవ సలహా: డబ్బు పోసి గొప్ప ఆటగాండ్రను కొనవలెను. దీనికి జవాబు న్యూయార్కు మెట్స్ చెప్పినది. 2023లో ఆ జట్టు జీతములకు సుమారు 35 కోట్ల డాలర్లు వెచ్చించినది. అంతకుముందు ఏ జట్టును అంత ఇచ్చి యుండలేదు. ఆ యేడు అది 75 గెలిచి 87 ఓడినది. డబ్బు అక్కరలేదని మే మనము. పేద జట్లకంటె ధనిక జట్లు తరచుగా గెలుచుట నిజమే. కాని వయసు మీరిన పేరుగలవారికి నిన్నటి ఆటకై నేడు జీతమిచ్చుట యెక్కువ.

మూడవ సలహా: పేరుగలవారిని ఇచ్చివేసి పిల్లలను తెచ్చి పెంచవలెను. ఇది ఓపికగల వాని మాట. కనుకనే అభిమానులు దీనిని చివర చెప్పుదురు. ఓడిన జట్టుకు క్రొత్త ఆటగాండ్రను ముందుగా ఎన్నుకొను హక్కు ఇచ్చుట అమెరికాలో ఆచారము. ఇందులో ఒక చిత్రము కలదు. కావలెనని ఓడువారిని అరికట్టుటకు ఇటీవల చీట్లు వేయు పద్ధతి పెట్టిరి. పెద్ద నగరపు జట్టు వరుసగా రెండేండ్లు ఆ చీట్లలో పాల్గొనరాదని నియమము. వైట్ సాక్స్ అంతకుముందటి యేడు చీటి లాభము పొందియుండుటచేత, 121 ఆటలు ఓడియు 2025లో పదవ ఎంపికతో తృప్తి పడవలసి వచ్చినది! అయినను 2024 డిసెంబరులో తమ ఉత్తమ పిచ్చరు గారెట్ క్రోషేను బోస్టనుకు ఇచ్చి, నలుగురు యువకులను తెచ్చుకొనిరి. మరుసటి యేడు 60 గెలిచిరి. అదియు ఓటమియే, కాని 41 కంటె 60 ఎక్కువ.

ఇంతవరకు అభిమాని ఆలోచించుటయే గాని, అతని మాట నిజముగా సాగిన దినమొకటి చరిత్రలో కలదు. సెయింట్ లూయిస్ నగరమున బ్రౌన్స్ అను నిర్భాగ్యపు జట్టు ఉండెడిది. దాని యజమాని బిల్ వీక్ కొంటెవాడు. 1951 ఆగస్టు 24న అతడు జట్టు నిర్వహణను ప్రేక్షకులకే అప్పగించెను. ఒక వైపున ఔనని, మరియొక వైపున కాదని వ్రాసిన అట్టలను వెయ్యిమందికి పైగా అభిమానులకు పంచిరి. పిచ్చరును మార్చవలెనా, బేసు దొంగిలింపవలెనా అని అడిగినప్పుడెల్ల వారు అట్టలెత్తి ఓటు చేసిరి. అసలు మేనేజరు జాక్ టేలర్ ఊగుడు కుర్చీలో కూర్చుండి పొగగొట్టము పీల్చుచుండెను. ఆ రాత్రి బ్రౌన్స్ 5-3 పరుగులతో గెలిచిరి! కాని ఆ యేడు మొత్తము 154 ఆటలలో 102 ఓడిరి. 1953 తరువాత ఆ జట్టు బాల్టిమోరుకు తరలిపోయినది. ఒక్క రాత్రి ఓట్లతో జట్టు బాగుపడదు. అయినను వెయ్యిమంది సామాన్యులు మేనేజరుకంటె మరీ మూర్ఖులు కారని ఆ రాత్రి తేలినదని మా అభిప్రాయము.

అభిమానులలో నిజముగా ఆటను మార్చినవాడు వేరొకడు. బిల్ జేమ్స్ అనునతడు కాన్సాస్ రాష్ట్రమువాడు. చిక్కుళ్లు డబ్బాలలో నింపు కర్మాగారమున రాత్రి కావలి కాయుచు, ఆటల లెక్కలు వ్రాసికొనుచుండెడివాడు. 1977లో తానే ఒక చిన్న పుస్తకము అచ్చు వేయించి అమ్మెను. 75 ప్రతులు మాత్రమే అమ్ముడుపోయినవి. అతడు కేకలు వేయలేదు, ప్రశ్నలు వేసెను. పరుగులు ఎందువలన వచ్చును? మనము గొప్పవారనుకొను ఆటగాండ్రు నిజముగా పరుగులు తెచ్చుచున్నారా?

మేము గణితము బోధించినవారము గనుక ఈ భాగము కొంచెము విస్తరించి చెప్పుదుము. బ్యాటరు గొప్పతనమును కొలుచుటకు పూర్వమునుండి ఒక సగటు వాడుచుండిరి: కొట్టిన హిట్లను, కొట్టుటకు వచ్చిన అవకాశములతో భాగించుట. కాని ఇందాక చెప్పిన నడకలు ఆ లెక్కలో చేరవు. రామయ్య 100 అవకాశములలో 30 హిట్లు కొట్టెననుకొనుడు, నడకలు 5. సోమయ్య 100లో 26 మాత్రమే కొట్టెను. కాని ఓపికగా నిలిచి చెడ్డ బంతులను విడిచి 20 నడకలు సంపాదించెను. పాత సగటున రామయ్య .300, సోమయ్య .260. పత్రికలన్నియు రామయ్యను పొగడును. ఇప్పుడు బేసు చేరిన సార్లు లెక్కింపుడు. రామయ్య 105లో 35, అనగా .333. సోమయ్య 120లో 46, అనగా .383. అవుటుకానివాడే పరుగునకు దారి తీయును గనుక, సోమయ్యయే మేలు. అతని వెల మాత్రము తక్కువ! పాత లెక్క దాచిన విలువను క్రొత్త లెక్క చూపినది.

జేమ్స్ మరియొక సూత్రమును చెప్పెను. జట్టు చేసిన పరుగుల వర్గమును, చేసిన పరుగుల వర్గము, ఇచ్చిన పరుగుల వర్గముల మొత్తముతో భాగించినచో గెలుపుల పాలు దాదాపుగా వచ్చును. 800 చేసి 700 ఇచ్చిన జట్టుకు ఆ పాలు .566, 162 ఆటలలో 92 గెలుపులు. పై తరగతుల బాలురు కాగితముమీద చేసి చూచుకొనవచ్చును. గెలుపులు ఇంతకు మించినచో అదృష్టము, తగ్గినచో దురదృష్టము అని అభిమాని కొంత శాంతించవచ్చును.

ఈ ఆలోచనలను మొదట గట్టిగా ఆచరించినది కాలిఫోర్నియాలోని ఓక్లండు జట్టు. 2001 తరువాత దాని ముగ్గురు మేటి ఆటగాండ్రను ధనిక జట్లు తన్నుకొనిపోయినవి. జీతములకు దానికి ఉన్నది నాలుగు కోట్ల డాలర్లు. న్యూయార్కు యాంకీలకు దానికి మూడింతలు. నిర్వాహకుడు బిల్లీ బీన్ సోమయ్యలను వెదకి చౌకగా తెచ్చెను. వారిలో స్కాట్ హాటెబర్గ్ యొకడు. మోచేతి నరము దెబ్బతిని, క్యాచరుగా బంతి విసరలేనివాడు. అతనిని మొదటి బేసున నిలిపిరి. 2002లో ఆ జట్టు వరుసగా 20 ఆటలు గెలిచినది. ఇరువదియవ ఆటలో 11-0 ఆధిక్యమును పోగొట్టుకొని, చివరకు హాటెబర్గ్ కొట్టిన దెబ్బతోనే 12-11గా గెలిచినది. ఆ యేడు ఓక్లండు గెలుపులు 103, యాంకీలవియు 103.

ఆ సంవత్సరమే బోస్టను రెడ్ సాక్స్ వారు జేమ్స్‌నే ఉద్యోగమునకు పిలిచిరి. ఇతర జట్టు విడిచిపెట్టిన డేవిడ్ ఓర్టీజ్ వంటి వారిని చేర్చుకొనిరి. 2004లో, 86 సంవత్సరముల తరువాత, బోస్టను జగజ్జేత పట్టము గెలిచినది. ఆ 86 ఏండ్లలో ఎందరు తండ్రులు చూడకయే పోయిరో!

ఈ సంగతులన్నియు వ్రాసి మా శిష్యునికి జవాబు పంపితిమి. అతడు తిరిగి వ్రాసినది ఒక్క వాక్యము: "అయ్యవారూ, లెక్కలు సరే, యజమానియే వినకున్న నేమి చేయుదుము?"

దీనికి మావద్ద సూత్రము లేదు. ఓక్లండునే చూడుడు. యజమాని జీతములు తగ్గించుచు, జట్టును మరియొక నగరమునకు తరలింప నిశ్చయించెను. 2023లో అది 112 ఆటలు ఓడినది. అభిమానులు ఆటలకు రావడము లేదని ఆయన కారణము చెప్పుచుండగా, వారు 2023 జూన్ 13న ఒక ఉపాయము పన్నిరి. బహిష్కారమునకు మారుగా, అందరును ఒక్క రాత్రి వచ్చి మైదానము నింపిరి. 27,759 మంది వచ్చి, జట్టును అమ్మివేయుమని ఏకకంఠముగా అరచిరి. ఆ రాత్రి జట్టు 2-1తో గెలిచినది. అది వరుసగా ఏడవ గెలుపు. యజమాని అమ్మలేదు.

2024 సెప్టెంబరు 26న ఓక్లండులో చివరి ఆట జరిగినది. ఇక తమది కానున్న జట్టు కాకపోయినను 46,889 మంది వచ్చిరి. ఓక్లండు 3-2తో గెలిచినది. మరుసటి యేడు ఆ జట్టు శాక్రమెంటో ప్రక్కనున్న చిన్న మైదానమునకు తరలిపోయినది.