నాణేల బల్లల మధ్య ఒక పూట

"మా నాయనమ్మ పెట్టెలో పాత రూపాయి దొరికిందండీ. లక్షల్లో పలుకుతుందంటున్నారు, నిజమేనా?" పల్లె సంఘములకు వెళ్లినప్పుడు ఆరాధన ముగిశాక ఎవరో ఒకరు మమ్మల్ని ఈ మాట అడుగుతూనే ఉన్నారు. పాత నాణేలు పోగుచేసే అలవాటు మాకుందని తెలిసినవారు కొంగు ముడి విప్పి చూపిస్తారు కూడా. హైదరాబాదులో హైటెక్ సిటీ దగ్గర మాదాపూర్‌లో జరిగిన నాణేల ప్రదర్శనకు వెళ్లి వచ్చాక, ఈ ప్రశ్నకు పత్రికాముఖంగా జవాబు చెప్పడం మంచిదనిపించింది.

ఆ ప్రాంతం గురించి ఒక మాట. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి అక్కడ బండరాళ్లు, తుప్పలే ఎక్కువ. ఇప్పుడు అద్దాల మేడలు. డబ్బు ఉన్నదంతా ఫోనులోనే. బండి మీద టీ అమ్మే తమ్ముడు కూడా గళ్లగళ్ల బొమ్మ ఉన్న అట్టముక్క చూపిస్తాడే గాని చిల్లర చేతికి తీసుకోడు. అటువంటి చోట ఒక హాలు నిండా మనుషులు డబ్బును చేత్తో పట్టుకొని, భూతద్దం కింద పెట్టి, చిన్న త్రాసులో తూచి మాట్లాడుకొంటున్నారు.

బల్లలు వరుసలుగా వేసి ఉన్నాయి. ఒక్కొక్క బల్ల వెనుక ఒక్కొక్క వ్యాపారి. ఖరీదైనవి గాజు పెట్టెల్లో, మధ్యరకం ప్లాస్టిక్ అరల పుస్తకాల్లో, చవకవి డబ్బాల్లో పోసి ఉన్నాయి. డబ్బాల దగ్గర పిల్లలు మోకాళ్ల మీద కూర్చొని వెదుకుతున్నారు. మెడలో కంపెనీ గుర్తింపు కార్డులతో వచ్చిన యువకులు, రిటైరైన మాస్టర్లు పక్కపక్కనే నిలబడి ఒకే నాణెం మీదకు వంగి చూస్తున్నారు. ఇతర బజారుల్లో వినిపించే కేకలు ఇక్కడ లేవు. బేరం కూడా గొంతు తగ్గించే ఆడతారు.

కొత్తగా వచ్చినవారికి ముందుగా అర్థమయ్యేది ఒకటుంది. పాతదైనంత మాత్రాన ధర రాదు. రెండువేల ఏండ్ల నాటి శాతవాహనుల సీసపు నాణెం, అరిగిపోయినదైతే, కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఎందుకంటే అవి వేలకొద్దీ బయటపడ్డాయి. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న రాగి అణాపావులు డబ్బాల్లోనే ఉన్నాయి. ఎన్ని మిగిలాయి, ఎంత చెడకుండా ఉన్నాయి, కోరుకొనేవారెందరు, వీటిని బట్టే ధర. మన ఇండ్లలో చేసే ఒక పని ఈ ధరను ఇంకా తగ్గిస్తుంది. పాత నాణెం దొరకగానే చింతపండు పెట్టి తళతళలాడేలా తోముతారు. దయచేసి అలా చేయకండి. ఆ నల్లని పొరే దాని వయస్సుకు సాక్ష్యం. తోమిన నాణేన్ని సేకరించేవారు పక్కన పెట్టేస్తారు.

ఇక ధరతో పనిలేని సంతోషం ఉంది చూడండి, అది ఏ ఇంటివారికైనా అందేదే. ఈ రాత్రి పిల్లలను కూర్చోబెట్టి మీ డబ్బాలోని చిల్లర బల్లపై పోయండి. సంవత్సరం అంకె కింద సన్నగా ఒక గుర్తు ఉంటుంది. నక్షత్రం అయితే అది మన హైదరాబాదు టంకశాలలో ముద్రించినది. వజ్రం ఆకారమైతే ముంబయి, చిన్న చుక్క అయితే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. హైదరాబాదులో సైఫాబాద్ టంకశాల 1903లో నిజాం కాలంలో మొదలైంది. 1997లో పని చర్లపల్లికి మారింది. సైఫాబాద్ పాత భవనంలో 2022లో నాణేల మ్యూజియం తెరిచారు.

నిజాం రాజ్యానికి సొంత నాణేలుండేవని తెలంగాణ పెద్దలకు తెలుసు. వాటిని హాలీ సిక్కా అనేవారు. ఇంగ్లీషు రాజుల బొమ్మ ఉన్నది కల్దారు రూపాయి. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు లెక్క. అంటే నూరు కల్దార్లు కావాలంటే 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు లెక్కపెట్టాలి! ఆనాటి కోమటి ఈ లెక్కను నోటితోనే చేసేవాడట. నిజాం రూపాయిపై చార్మినార్ బొమ్మ ఉంటుంది. దాని ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం కనబడుతుంది. 'మీమ్' ఉంటే మహబూబ్ అలీఖాన్ కాలానిది, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీఖాన్ కాలానిది. ప్రదర్శనలో ఎనిమిదేండ్ల బిడ్డ ఒకతె భూతద్దం పెట్టి ఆ అక్షరాన్ని తండ్రికి చూపిస్తుంటే, చదువుకున్న ఆ తండ్రికే అది కొత్త సంగతి.

మన భాష నిండా నాణేలే ఉన్నాయి. 'డబ్బు' అనేది ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు, ఇప్పుడు సొమ్మంతటికీ అదే పేరైంది. గవ్వలు చెల్లుబడి అయిన కాలం పోయినా, చేతిలో చిల్లిగవ్వ లేదని ఇప్పటికీ అంటున్నాము. అణాల లెక్క 1957 ఏప్రిల్ 1న పోయి నయాపైసలు వచ్చాయి. పావలా బిళ్ల 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. కాని మన సంఘ స్త్రీలలో పొదుపు సంఘాలలో ఉన్నవారిని అడగండి, పావలా వడ్డీ అంటే తెలియనివారుండరు. నూటికి నెలకు పావలా, ఏడాదికి మూడు రూపాయలు. బిళ్ల పోయింది, లెక్క నిలిచింది. బైబిలు తెలుగులో కూడా అంతే. దేవాలయంలో రూకలు మార్చేవారు, బీద విధవరాలి కాసులు, ఇవన్నీ మన తాతల చేతుల్లో ఆడిన నాణేల పేర్లే. అనువాదకులు వాటిని వాడినందువల్ల మన పల్లెవారికి ఆ కథలు వెంటనే అందాయి.

ఆ పూట మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టినది ఒక గాజు పెట్టెలోని రోమా దేనారము. మన బొటనవేలి గోరు కంటె కొంచెం పెద్దది. బరువు నాలుగు గ్రాములకు తక్కువే. ఒకవైపు తిబెరి కైసరు తల, ఆకుల కిరీటంతో. చుట్టూ అక్షరాలు. అతడు దైవమైన ఔగుస్తు కుమారుడని వాటి అర్థం. రెండవవైపు కూర్చున్న స్త్రీ, ప్రధాన యాజకుడనే బిరుదు. కైసరుకు పన్ను ఇవ్వవచ్చునా అని ప్రభువును అడిగినప్పుడు ఆయన తెప్పించి చూసిన నాణెం ఈ రకానిదేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ అక్షరాలు తెలిస్తే ఆ ప్రశ్నలోని ఉరి ఎంత బిగువైనదో అర్థమవుతుంది. ఒక మనుష్యుని దేవుని కుమారుడనీ ప్రధాన యాజకుడనీ చాటే వెండిముక్క అది. దానిని యెరూషలేములో, దేవాలయ ఆవరణంలో, నిజమైన కుమారుని యెదుట చేతిలో పెట్టారు.

దీనికంటె ఆశ్చర్యమైన సంగతి మరొకటి ఉంది. ఈ రకం నాణేలను చూడడానికి రోమాకు పోనక్కరలేదు. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో పదిహేను వందలకు పైగా రోమా వెండి నాణేలు ఒకేచోట బయటపడ్డాయి. దక్షిణ దేశంలో దొరికిన రోమా వెండిలో ఔగుస్తు, తిబెరి కైసరులవే ఎక్కువ. ఎలా వచ్చాయంటారా? మన మిరియాలకు, సన్నని బట్టలకు. కృష్ణా ముఖద్వారం వైపునున్న మసాలియా దేశంలో బట్టలు విస్తారంగా నేస్తారని ఆ కాలపు గ్రీకు నావికుడొకడు రాసిపెట్టాడు. ఏటా ఐదు కోట్ల సెస్టెర్సుల సొమ్ము హిందూదేశం లాగేసుకొంటోందని రోములో ప్లినీ అనే పెద్దమనిషి వాపోయాడు. నాలుగు సెస్టెర్సులు ఒక దేనారము. ద్రాక్షతోట ఉపమానంలో దేనారము ఒక దినపు కూలి అని మనకు తెలుసు. ఆ లెక్కన అక్కెనపల్లి మూటలో ఒక కూలివాని అయిదేండ్ల చెమట ఉంది. దాచినవారెవరో, తిరిగి ఎందుకు తీసుకోలేకపోయారో!

కొండాపూర్ సంగతి కూడా చెప్పాలి. ఐటీ కంపెనీల మధ్యనున్న కొండాపూర్ అందరికీ తెలుసు. సంగారెడ్డి జిల్లాలో మరొక కొండాపూర్ ఉంది. 1940ల మొదట్లో నిజాం పురావస్తు శాఖవారు అక్కడ తవ్వితే శాతవాహనుల పట్టణం బయటపడింది, నాణేలు కుప్పలుగా దొరికాయి. అక్కడ మ్యూజియం ఉంది. సండేస్కూలు పిల్లలను విహారానికి తీసుకుపోవాలనుకొనే సంఘములు ఆలోచించదగిన చోటు.

ఇప్పుడు లక్షల మాట. ఇది నవ్వి వదిలేసేది కాదు. మన కుటుంబాలు కొన్ని దీనివల్ల కన్నీళ్లు పెట్టుకొన్నాయి. దేవత బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకు, ట్రాక్టరు బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకు లక్షలిస్తామని ఫోనులో ప్రకటన వస్తుంది. ఫోను చేస్తే మర్యాదగా మాట్లాడతారు. ముందు రిజిస్ట్రేషను రుసుము, తరువాత పన్ను, తరువాత రిజర్వు బ్యాంకు అనుమతి పేరుతో మరికొంత. గేదెను అమ్మి కట్టినవారున్నారు. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తనకు ఏ సంబంధమూ లేదనీ, ఎవరి వద్దా రుసుము అడగదనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. అసలు కొనేవాడు నాణెం చేతికి తీసుకొని, చూసి, డబ్బు ఇస్తాడు. మన దగ్గర డబ్బు అడగడు. ఇప్పటికే పంపినవారుంటే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యం కాకపోతే సొమ్మును ఆపగలిగే వీలుంటుంది.

రాముని పట్టాభిషేకం బొమ్మతో, 1818 అంకెతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో తిరిగే రాగి బిళ్లలు మరొక మాయ. కంపెనీవారు అటువంటి నాణెం ఎన్నడూ వేయలేదు. ఈ మధ్య కాలంలో తయారుచేసి అమ్ముతున్నవి అవి. వీటితోనే 'రైస్ పుల్లింగ్' మోసం నడుస్తుంది. బిళ్ల బియ్యపు గింజలను లాగుతుంది, దానిలో మహిమ ఉంది, కోట్లకు కొంటారు అని నమ్మిస్తారు. గింజల్లో ఇనుప రజను కలిపి, అయస్కాంతం దాచిపెట్టి చేసే గారడీ ఇది. తెలుగు జిల్లాలలో పోలీసులు ఇటువంటి ముఠాలను ఎన్నిసార్లు పట్టుకున్నా కొత్తవారు పుడుతూనే ఉన్నారు. చదువురానివారే పడతారనుకోకండి, అద్దాల మేడల్లో పనిచేసే ఇంజనీర్లూ పడ్డారు. ఆశకు డిగ్రీలతో పనేముంది?

నాగలికి గాని, ఇంటి పునాదికి గాని నిజంగానే నాణేల కుండ తగిలితే ఏం చేయాలి? మాట పొక్కకముందే కరిగించి అమ్మేయమని చెప్పేవారు ఊరూరా ఉంటారు. వినకండి. పది రూపాయలకు మించిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878లోనే చట్టం చేశారు. దాచితే ఏడాది వరకు జైలు. తెలిపినవాడు నష్టపోతాడనుకోవడం కూడా పొరపాటే. హక్కుదారులు లేరని తేలిన నిధిలో దొరికినవానికీ, భూమి సొంతదారుకూ భాగం ఉందని, ప్రభుత్వం తీసుకొంటే లోహపు విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలని అదే చట్టంలో ఉంది. కుండను ఉన్నచోటనే ఉంచి, కడగకుండా, తహసీల్దారుకు కబురు పంపండి. అక్కెనపల్లి వెండిని ఏ కంసాలి మూసలోనో కరిగించి ఉంటే, తిబెరి కైసరు ముఖం నల్గొండ మట్టిలో ఉండేదని ఈనాడు మనకు తెలిసేదే కాదు.