గంగిరెద్దులవారు: శబ్దము, వృత్తి, శాసనము

'గంగిరెద్దు' అను పదమున గంగిశబ్దము సాధుత్వమును దెలుపును; గంగిగోవు అనునెడను నదియే యర్థము. బాలవ్యాకరణము పేదాదులకు ఆలుశబ్దము పరమగునపుడు రుగాగమమును విధించినది. ఇచ్చటఁ బరమైనది ఎద్దుశబ్దము గావున నీ రేఫము పొదరిల్లునందువలె వ్యవహారసిద్ధమని గ్రహింపవలయును. రేఫము లేని 'గంగెద్దు' అను రూపమును వాడుకలోఁ గలదు. తల యూఁచుటను బట్టి పుట్టిన లోకోక్తి మాత్రము సాధువును మూఢునిగాఁ జేసినది. ఆ చులకన యెద్దుతోఁ బోక దానిని ద్రిప్పువారికిని సోఁకినది.

పూర్వుల దృష్టి యట్టిది గాదు. గజాసురుని యుదరమునుండి శివుని విడిపించుటకు శ్రీహరి గంగిరెద్దు మేళమునే తగిన యుపాయముగా నెంచి, నందిని గంగిరెద్దుగా నలంకరించెనని వినాయక వ్రతకథ చెప్పుచున్నది. దీనిచేఁ గాలనిర్ణయము కాదు. కాని యీ మేళమునకు రాజద్వారమునను బ్రవేశము కలదని తెలుఁగువారు భావించిరని తేలుచున్నది.

ఈ వృత్తి తెలుఁగునాటికే పరిమితము గాదు. కన్నడదేశమునఁ గోలెబసవ యనుపేర నిట్టి యాట కలదు. మహారాష్ట్రమునఁ దిరుమల నందివాలేలు ఇంటఁ దెలుఁగే మాటాడుదురు. 1909లోఁ బ్రకటితమైన థర్‌స్టన్ గ్రంథమునను గంగెద్దులవారి ప్రస్తావము కలదు. నేఁటి ప్రభుత్వపుఁ బట్టికలో వీరు వెనుకబడిన తరగతుల 'ఏ' వర్గమునఁ జేరియున్నారు.

ఇఁక శాసనవిషయము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ననుసరించి, ప్రదర్శింపరాని జంతువులలో 2011 జూలై 11న ఎద్దును జేర్చిరి. దీనిచే గంగిరెద్దాట నిషిద్ధమయ్యెనా? ఆ చట్టపు 21వ సెక్షను, టిక్కెట్టు కొని జనులు ప్రవేశించు వినోదమునందుఁ జూపుటయే ప్రదర్శనమని నిర్వచించినది. గంగిరెద్దులవాఁడు టిక్కెట్టమ్మఁడు, తానే గృహస్థుని వాకిటికి వచ్చి, ఇచ్చిన ధాన్యమును, పాతబట్టను గైకొనును. కావున నక్షరార్థమునుబట్టి యా నిషేధము వానికి వర్తింపదు. అయినను ఎద్దును గొట్టుట, బాధించుట యెవనికైనను 11వ సెక్షనుచే దండ్యమే. దయ విధిగా నుండఁగా, శబ్దార్థము నెఱుఁగక వృత్తినే నేరమనుట న్యాయము గాదు.

వానికి నిజమైన కీడు వేఱొకటి. పటాన్‌చెరువు కర్మాగారములకుఁ జేరువనున్న వెలిమెల వంటి యూళ్లలోఁ బొలములు ఇండ్ల స్థలములగుచున్నవి. కళ్లము లేనిచోట సంక్రాంతినాఁడు చేటెఁడు ధాన్య మెవఁడు పెట్టును? ఎద్దునకు మేఁత యెక్కడిది? చట్టము విడిచినదానిని గాలము విడువకున్నది. పదము నిఘంటువున నిలిచియుండఁగా నర్థము వాకిటినుండి తొలఁగిపోకమునుపే, ఆయా యూళ్ల పండితులు వీరి పాటలను, ఎద్దును బలుకరించు మాటలను వ్రాసికొనుట యుచితము.