ఇల్లు దిద్దుకోవడం వేరు, దిద్దడం నేర్పడం వేరు

కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటి సింగరేణి బొగ్గుతో బ్రతికే ఊరు. బెల్లంపల్లి ఏరియా పరిపాలన అంతా ఇక్కడి నుండే సాగుతుంది. ఇంటి గోడ మీది గడియారం కన్నా గని షిఫ్టు వేళలే ఇక్కడి కుటుంబాల దినచర్యను ఎక్కువగా నిర్ణయిస్తాయి. మొదటి షిఫ్టుకు వెళ్ళే వానికి తెల్లవారక ముందే టిఫిన్ కట్టాలి. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన వాడు పగలు నిద్రపోవాలంటే పిల్లల గోల అణచాలి. ఈ రెండు పనులూ చేసే ఇల్లాలిని 'నీవేం చేస్తావమ్మా?' అని అడిగితే 'ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటాను' అంటుంది.

ఆ 'ఏమీ లేదు'లో ఎంత ఉన్నదో ఒక్క ఉదాహరణతో చూడవచ్చు. 2023-24 ఆర్థిక సంవత్సరపు లాభాల నుండి 33 శాతం వాటాగా 796 కోట్ల రూపాయలను సింగరేణి తన కార్మికులకు పంచింది. అది ఒక్కొక్కరికి సగటున 1 లక్షా 90 వేల రూపాయలు. కాంట్రాక్టు కార్మికులకు కూడా ఆ ఏడాదే మొదటిసారిగా తలకు 5 వేల రూపాయలు ఇచ్చారు. అంటే ఒకే వీధిలో ఒక ఇంట దాదాపు రెండు లక్షలు, మరొక ఇంట ఐదు వేలు దిగాయన్న మాట. దసరా రోజుల్లో చేతికందిన ఆ డబ్బు సంక్రాంతి నాటికి ఏ రూపంలో మిగిలిందన్నది మాత్రం గని నిర్ణయించదు, ఇల్లు నిర్ణయిస్తుంది. అది పిల్ల కాలేజీ ఫీజుగా మారిందా, అప్పుల వాని చేతిలోకి వెళ్ళిందా, షాపింగు సంచుల్లో కరిగిపోయిందా అన్నది ఆ ఇంటి చదువును బట్టి ఉంటుంది.

ఆ చదువుకు ఒక పేరున్నది. అది గృహవిజ్ఞాన శాస్త్రం. దానిని నేర్పే ఉపాధ్యాయినిగా తయారు కావడం కూడా ఒక విద్యే. మన అమ్మాయిలు ఈ దారిని ఎందుకు ఆలోచించాలో, ఎలా చేరుకోవాలో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

శాస్త్రవేత్త వంటింట్లోకి వచ్చిన వేళ

గృహవిజ్ఞానం అనగానే వంటలు, కుట్లు, అల్లికలు అని చాలామంది తేల్చేస్తారు. ఈ శాస్త్రానికి పునాది వేసిన ఎలెన్ స్వాలో రిచర్డ్స్ రసాయన శాస్త్రవేత్త. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1873లో పట్టా పుచ్చుకున్న ఆమె, ఆ సంస్థలో చేరిన మొట్టమొదటి మహిళ. తాగే నీటిలో ఏమి కలుస్తున్నది, కొన్న సరుకులో కల్తీ ఎంత, గదిలోకి గాలి సరిగా వస్తున్నదా అన్నవి ఆమె పరిశోధించిన విషయాలు. 1899 నుండి 1908 వరకు ఏటేటా జరిగిన లేక్ ప్లాసిడ్ సమావేశాలు ఈ జ్ఞానానికి 'హోమ్ ఎకనామిక్స్' అన్న పేరును స్థిరపరచి, దానిని బడిలో బోధించదగిన విషయంగా మలిచాయి.

మన దేశంలో 1932లో ఢిల్లీలో వెలసిన లేడీ ఇర్విన్ కళాశాల గృహవిజ్ఞానంతో పాటు దానిని బోధించే ఉపాధ్యాయినులకు శిక్షణ కూడా ఇచ్చింది. మన తెలుగు నేల కూడా ఇందులో వెనుకబడలేదు. హైదరాబాద్ సైఫాబాద్‌లోని గృహవిజ్ఞాన కళాశాల మూలాలు 1952లో ఏర్పడిన ప్రభుత్వ డొమెస్టిక్ సైన్స్ శిక్షణ కళాశాలలో ఉన్నాయి. ఆ పేరును గమనించండి. అందులో 'శిక్షణ' ఉన్నది. ఇల్లాళ్ళను తయారు చేయడానికి కళాశాల అక్కరలేదు, ఉపాధ్యాయినులను తయారు చేయడానికి కావాలి. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆ కళాశాల భాగమైంది. రాష్ట్ర విభజన తరువాత అది ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం క్రిందకు వచ్చింది.

అస్గరీ నడిపిన బడి

ఉర్దూ చదివే మన పెద్దలకు డిప్యూటీ నజీర్ అహ్మద్ పేరు కొత్త కాదు. నిజాం ప్రభుత్వ కొలువులో కొంతకాలం హైదరాబాద్ రాష్ట్రంలో పనిచేసిన ఆయన, 1869లో 'మిరాతుల్ ఉరూస్' నవలను వెలువరించారు. అక్బరీ, అస్గరీ అనే అక్కాచెల్లెళ్ళ కథ అది. అక్క చేతిలో ఇల్లు చెదిరిపోతుంది, చెల్లెలి చేతిలో నిలబడుతుంది. ఈ కథ చెప్పేటప్పుడు అస్గరీ పొదుపరితనాన్ని అందరూ మెచ్చుకుంటారు గాని, ఆమె చేసిన మరొక పనిని తరచుగా మరిచిపోతారు. అస్గరీ తన ఇంట్లోనే ఆడపిల్లలకు బడి పెట్టింది. తరువాత వచ్చిన 'బనాతున్నాష్' నవల ఆ బడి చుట్టే నడుస్తుంది. అక్కడి బాలికలు ఇంటి లెక్కలతో పాటు భూగోళం, విజ్ఞానశాస్త్ర విషయాలు కూడా నేర్చుకుంటారు. 1898లో లాహోరు నుండి ముహమ్మదీ బేగం సంపాదకత్వంలో వెలువడిన 'తహజీబె నిస్వాన్' పత్రిక కూడా ఇంటి నిర్వహణను చదివి నేర్చుకోదగిన విద్యగానే చూసింది. కనుక ఇది ఎక్కడి నుండో అరువు తెచ్చుకున్న చదువని మన కుటుంబాలు అనుకోనక్కరలేదు.

ఇది ఆడపిల్లల చదువేనా?

ఈ ప్రశ్నకు అరవై ఏళ్ళ క్రితమే జవాబు దొరికింది. బరోడా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా గృహవిజ్ఞాన విభాగానికి బాటలు వేసిన హంసా మెహతా నాయకత్వంలోని సంఘం అప్పుడే తన అభిప్రాయం చెప్పింది. బాలురకు ఒక పాఠ్యక్రమం, బాలికలకు మరొకటి అన్న తేడా వద్దని, కింది తరగతుల్లో గృహవిజ్ఞానం ఇద్దరికీ ఉమ్మడిగా ఉండాలని సూచించింది. తరువాత వచ్చిన కొఠారీ కమిషన్ ఆ మాటను బలపరిచింది.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఇంట్లో ఉన్నప్పుడు తమ చెప్పులు తామే కుట్టుకునేవారని, దుస్తులకు మాసికలు వేసుకునేవారని, ఇంటి పనిలో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) తెలిపిన సంగతి మనం పిల్లలకు చెబుతూనే ఉంటాం. చెప్పిన దానిని ఆచరణలో పెట్టాలంటే కొడుకు చేతికి కూడా సూది, తరాజు, పద్దు పుస్తకం ఇవ్వవలసి ఉంటుంది. గృహవిజ్ఞాన ఉపాధ్యాయిని తరగతిలో బాలురు కూడా కూర్చోవలసిన రోజు రావాలి.

గోలేటి నుండి దారులు

గోలేటి లాంటి ఊరిలో పదో తరగతి లేక ఇంటర్ దగ్గర ఆగిపోయిన అమ్మాయికి, పెళ్ళయి క్వార్టర్‌లో ఉంటున్న గృహిణికి ఎదురుగా ఉన్న దారులు ఏవి?

మొదటిది దగ్గరి దారి. సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబాల స్త్రీలకు కుట్టుపని, మగ్గం పని వంటి వృత్తులలో శిక్షణ ఇస్తున్నది. చాలామంది అక్కడ ధ్రువపత్రం తీసుకొని, ఇంట్లో కుట్టు మిషను పెట్టుకొని ఆగిపోతారు. అది తప్పు కాదు. కాని అక్కడి నుండి ఉపాధ్యాయ వృత్తికి మరొక మెట్టు ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం ఏటా టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు పరీక్షలు నిర్వహిస్తుంది. వాటిలో టైలరింగ్, ఎంబ్రాయిడరీ ఒక విషయం. ఏడో తరగతి అర్హతతో లోయర్ గ్రేడు, ఆ తరువాత హయ్యర్ గ్రేడు వ్రాయవచ్చు. లోయర్ గ్రేడు ఉత్తీర్ణులై, పదో తరగతి పూర్తి చేసిన వారికి వేసవిలో 42 రోజుల టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్ శిక్షణ ఉంటుంది. బడులలో, గురుకులాలలో క్రాఫ్టు ఉపాధ్యాయ ఉద్యోగాలకు అర్హత ఇక్కడి నుండే వస్తుంది. 2016లో 71 పాఠశాలలతో మొదలై 204కు పెరిగిన మైనారిటీ గురుకులాలు మన పిల్లల కొరకే ఉన్నాయి. వాటిలో విద్యార్థినులుగా చేరిన మన అమ్మాయిలు రేపు ఉపాధ్యాయినులుగా కూడా తిరిగి రావాలి.

రెండవది దూరపు దారి. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివిన అమ్మాయి సైఫాబాద్ కళాశాలలో నాలుగేళ్ళ బి.ఎస్సీ. ఆనర్స్ చేయవచ్చు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో ఈ కోర్సును ఇప్పుడు 'కమ్యూనిటీ సైన్స్' అంటున్నారు. పేరు మారినా ఆహారం, పోషణ, వస్త్రాలు, శిశు వికాసం, కుటుంబ వనరుల నిర్వహణ, విస్తరణ విద్య అనే అంగాలు అవే. చివరి సంవత్సరంలో విద్యార్థులు గ్రామాలకు వెళ్ళి, అక్కడి కుటుంబాలతో కలిసి పనిచేయవలసి ఉంటుంది. తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కూడా గృహవిజ్ఞాన విభాగమున్నది. డిగ్రీ తరువాత ఎం.ఎస్సీ. చేసి, నెట్ పరీక్షలో గృహవిజ్ఞానం తీసుకుంటే అధ్యాపక వృత్తికి తలుపు తెరుచుకుంటుంది. స్త్రీ, శిశు సంక్షేమ శాఖ ఉద్యోగాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ చదువుకు ఉన్న ఇతర గమ్యాలు.

రెబ్బెన మండలం మీదుగా కాజీపేట - బల్లార్షా రైలు మార్గం పోతున్నది. దూరం రైలుకు సమస్య కాదు. ఆడపిల్లను హాస్టల్‌కు పంపడానికి మన మనసుకు పట్టే దూరమే అసలు సమస్య. ఈ విషయంలో తల్లిదండ్రులు భయాన్ని పక్కన పెట్టి, కళాశాలను, వసతిని స్వయంగా వెళ్ళి చూసి నిర్ణయించుకోవడం మేలు.

శిక్షణలో నిజంగా ఏమి జరుగుతుంది?

ముప్ఫై ఏళ్ళుగా బిర్యానీ వండుతున్న ఖాలాను 'ఉప్పు ఎంత?' అని అడగండి. 'చేతికి తెలుస్తుంది' అంటుంది. ఆమె గొప్ప వంటగత్తె, కాని ఇంకా ఉపాధ్యాయిని కాదు. చేతికి తెలిసిన దానిని కొలతలోకి, కొలతను మాటలోకి, మాటను ఎదుటి వారి చేతిలోకి తేవడమే శిక్షణ.

కుర్తా కత్తిరించడం నేర్పే తరగతిని తీసుకుందాం. కొత్త వారి చేతికి నేరుగా గుడ్డ ఇవ్వరు, కాగితం ఇస్తారు. ఛాతీ కొలత తీసుకొని, దానికి వదులు కలిపి, కుట్టుకు విడిచే అంచును వేరుగా గుర్తించి, కాగితం మీద నమూనా గీయిస్తారు. కుట్టుకు అంచు విడవడం మరిచిపోవడం కొత్త వారు తరచుగా చేసే పొరపాటు. ఆ పొరపాటు ముందుగానే తెలిసిన ఉపాధ్యాయిని, పాఠం ఆరంభంలోనే అంచు లేని ముక్క ఒకటి కుట్టి చూపుతుంది. అది ఎంత బిగుతయ్యిందో పిల్లలు తామే చూస్తారు. పాఠ ప్రణాళిక వ్రాయడం, ప్రదర్శన చేయడం, పిల్లలు చేస్తుండగా గమనించడం, చివరికి పనిని న్యాయంగా పరీక్షించడం అనే నాలుగూ సాధనతోనే పట్టుబడతాయి.

ఇక ఆహార పాఠం. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అంటే తరగతిలో ఉన్న పిల్లలలో, వారి తల్లులలో సగానికి మించి. 'ఆకుకూరలు తినండి' అని చెప్పి ఊరుకుంటే పాఠం కాదు. పప్పు, తోటకూర మీద నిమ్మరసం పిండితే అందులోని ఇనుము శరీరానికి బాగా పడుతుందని, భోజనం చేసిన వెంటనే చాయ్ త్రాగితే ఆ ఇనుము సరిగా అందదని వివరించాలి. మన దస్తర్‌ఖాన్ మీద అన్నం తరువాత చాయ్ రావడం ఆనవాయితీ. దానిని గంటసేపు వెనక్కు జరపడానికి ఒక్క పైసా ఖర్చు కాదు.

బొగ్గు ఊరికి ప్రత్యేకమైన పాఠమూ ఒకటున్నది. బొగ్గు పొయ్యి రగిలించి, చలికాలంలో తలుపులు మూసుకొని పడుకుంటే గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ పాఠం రసాయన శాస్త్రమా, గృహవిజ్ఞానమా అన్న తర్కం కన్నా, అది ప్రతి ఇంటికీ చేరడం ముఖ్యం.

చివరిది పద్దు పాఠం. నూటికి నెలకు 5 రూపాయల వడ్డీకి 50 వేలు తెచ్చిన ఇంటిని ఊహించుకుందాం. నెలకు 2,500, ఏడాదికి 30 వేలు. రెండేళ్ళు గడవక ముందే వడ్డీ అసలును మించిపోతుంది, అసలు మాత్రం తలమీద అలాగే ఉంటుంది. వడ్డీని గురించి ధర్మం ఏమంటుందో మనకు తెలుసు. లెక్క ఏమంటుందో పిల్లలతో నల్లబల్ల మీద వేయించాలి. ఆ లెక్క వేసిన బాలిక ఇంటికి వెళ్ళి తండ్రిని ప్రశ్నించకపోవచ్చు. పదేళ్ళ తరువాత తన ఇంట్లో అప్పు పత్రం మీద సంతకం పెట్టే ముందు మాత్రం తప్పక ఆగుతుంది.

ముగింపు

గని కార్మికుని ఉద్యోగానికి ఒక గడువుంటుంది. పదవీ విరమణ నాడు క్వార్టర్ తాళం చెవి తిరిగి ఇచ్చివేయాలి. భవిష్యనిధి, గ్రాట్యుటీ ఒకేసారి చేతికి వస్తాయి. జీవితమంతా భూమి అడుగున చెమటోడ్చి సంపాదించిన ఆ మొత్తం ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది ఆ ఇంటి వారికి చిన్ననాటి నుండి అబ్బిన అలవాట్ల మీద ఆధారపడి ఉంటుంది.

కనుక సోదరీమణులారా, మీ అమ్మాయి కుట్టుపనిలో, వంటలో, పద్దులో చురుకుగా ఉంటే 'అత్తవారింట పనికి వస్తుంది' అని సరిపెట్టుకోకండి. టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు ప్రకటన ఎప్పుడు వస్తుందో దగ్గరలోని ఉన్నత పాఠశాలలో విచారించండి. ఇంటర్ చదువుతున్న అమ్మాయైతే వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రవేశ ప్రకటనను ఆమెతో కలిసి చదవండి. ఇల్లు దిద్దుకునే స్త్రీ వలన ఒక కుటుంబం బాగుపడుతుంది. దిద్దడం నేర్పే స్త్రీ ఎదుట ప్రతి ఏడాదీ ఒక కొత్త తరగతి వచ్చి కూర్చుంటుంది.