చిన్నగ్రహముల నడుమ శూన్యపు త్రోవలు

సైదాబాదునకు చేరువనున్న ఫిసల్‌బండయందు 1901వ సంవత్సరమున నవాబు జఫర్‌జంగుగారు దూరదర్శిని నెలకొల్పిరి. నిజామియా వేధశాలకు అదియే మొదలు. అట్టి యంత్రములచే చూడగా కుజ గురు గ్రహముల నడుమ చిన్నగ్రహములను శిలలు అసంఖ్యాకముగా కానవచ్చును. సూర్యునినుండి కొన్ని సగటు దూరములయందు మాత్రము అవి మిగుల అరుదు. 1866లో అమెరికా పండితుడు కిర్క్‌వుడ్డు దీనికి కారణము చెప్పెను.

గురుడు సూర్యుని సుమారు 12 ఏండ్లకొకసారి చుట్టివచ్చును. 4 ఏండ్లకు చుట్టివచ్చు శిల ఆ కాలమున మూడుమార్లు తిరుగును. కావున గురుని ఆకర్షణ ఒకే తీరున మరలమరల తగులును. అదనెరిగి త్రోసినచో పసిబిడ్డయైనను ఉయ్యాలకు పెద్ద ఊపునీయగలడు గదా! అట్లే శిల త్రోవ క్రమముగా సాగి, కుజుని, భూమిని సమీపించును. అట్టివానిలో కొన్ని ఉల్కాశిలలై నేలబడుచున్నవి. పొలమున అట్టిది పడినచో అపశకునమని పారవేయక విద్వాంసులకు చూపుడు.