సీసీ చూసి కాదు... నాన్న భుజం చూసి కొనండి!

జులైలో నాలుగు వానలు పడ్డాయంటే చాలు, కోనసీమలో మా పెరడు ఇక పెరడులా ఉండదు. గరిక, తుంగ, వయ్యారిభామ పోటీ పడి మోకాళ్ల దాకా లేస్తాయి. వంటింటి గుమ్మం నుంచి బోరింగు దాకా ఉన్న దారి కనపడకుండా పోతుంది. రాత్రిపూట అమ్మ చేతిలో టార్చి పట్టుకుని, పామేమైనా ఉందేమోనని కాలు నేలకేసి కొడుతూ నడుస్తుంది.

రెండేళ్ల కిందట ఓ ఆదివారం నాన్న ఫోన్ చేశారు. ‘గడ్డి కొయ్యడానికి మనిషి దొరకట్లేదురా. దొరికినవాడు అడిగే కూలీ వింటే ఆ గడ్డే నయమనిపిస్తోంది’ అన్నారు. హైదరాబాద్‌లో రూములో మంచం మీద పడుకునే వెతికేశాను. పెట్రోల్‌తో నడిచే గడ్డి మిషన్, 52 సీసీ, నాలుగు రకాల బ్లేడ్లు ఫ్రీ. ఆఫర్ ఇంకో మూడు గంటలే! ఇంకేముంది, కొనేశాను.

పెట్టె ఇంటికొచ్చింది. వీడియో కాల్‌లో నేనే దగ్గరుండి బిగించాను, అంటే నేను చెప్పాను, ఆయన బిగించారు. ఓ ప్లాస్టిక్ ముక్క మిగిలిపోయింది. ‘అది గార్డు నాన్నా, తర్వాత చూద్దాంలే’ అన్నాను. మొదటి రోజు పది నిమిషాలకే భుజం పట్టేసిందని దించేశారు. మూడో రోజు గడ్డిలోంచి ఓ గులకరాయి ఎగిరొచ్చి ఆయన కళ్లద్దానికి తగిలింది. అద్దం పగిలింది. కన్ను దక్కింది.

తప్పు మిషన్‌ది కాదు, నాది. ఆరోజు నేను చూసిందల్లా సీసీ, ధర, స్టార్లు. దాన్ని మోయాల్సింది 63 ఏళ్ల మనిషి అన్న సంగతే తట్టలేదు. మీరూ ఇంట్లోవాళ్ల కోసం ఇలాంటిదే ఒకటి కార్ట్‌లో వేసుకుని ఉంటే, ‘బయ్’ నొక్కే ముందు ఓ ఐదు నిమిషాలు ఇది చదవండి.

అసలు మీకు కావాలా?

ముందు స్థలం ఎంతో చూసుకోండి. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. ఇంటి చుట్టూ రెండు మూడు సెంట్ల ఖాళీ, అందులో మెత్తటి గడ్డి, పక్కనే ప్లగ్ పాయింటు ఉంటే పెట్రోల్ మిషన్ అక్కర్లేదు. కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచే చిన్న ట్రిమ్మర్ చాలు. బరువు తక్కువ, మోత తక్కువ, స్విచ్ వేస్తే తిరుగుతుంది.

పది సెంట్లు దాటాక, వైరు అందని చోట, ముదురు గడ్డి ఉన్న చోట పెట్రోల్ మిషన్‌కి పని ఉంటుంది. మాది 20 సెంట్లు, అందులో కొబ్బరి చెట్లు. కాబట్టి మా అవసరం నిజమే. ఎంచుకోవడంలోనే దెబ్బతిన్నాం.

యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు ‘గ్యాస్ ట్రిమ్మర్’ అంటుంటే సిలిండర్ గుర్తొస్తుందేమో. వాళ్లు గ్యాస్ అనేది పెట్రోల్‌నే. మన షాపుల్లో మాత్రం ‘బ్రష్ కట్టర్’ అని అడగండి, వెంటనే తెలుస్తుంది.

వైరా? బ్లేడా?

ఈ మిషన్ కథ సరదాగా ఉంటుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో జార్జ్ బాలస్ అనే ఆయనకు 1971లో కార్ వాష్‌లో గిర్రున తిరిగే బ్రష్‌లు చూడగానే ఐడియా వచ్చింది. ఇంటికెళ్లి ఓ రేకు డబ్బాకు చేపలు పట్టే నైలాన్ తాడు కట్టి తిప్పి చూశాడు. చెట్టు బెరడు చెక్కుకుపోకుండా, మొదట్లో ఉన్న గడ్డి మాత్రమే తెగాలన్నది ఆయన కోరిక. అలా పుట్టిందే ‘వీడ్ ఈటర్’.

ఇప్పటికీ సూత్రం అదే. మెత్తటి గడ్డికి, గోడ పక్కన, గట్ల మీద నైలాన్ వైరు వాడాలి. సాధారణంగా 2.4 మి.మీ. లేదా 3 మి.మీ. మందం వైరు వస్తుంది. మీ మిషన్ హెడ్‌కి ఏది నప్పుతుందో మాన్యువల్‌లో ఉంటుంది. లావు వైరు వేస్తే బాగా కోస్తుందనుకోవద్దు, ఇంజిన్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది. వైరు పెళుసెక్కి ఊరికే తెగిపోతుంటే ఓ రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. నైలాన్ నీటిని పీల్చుకుని మళ్లీ మెత్తబడుతుంది.

కాండం గట్టిపడిన కలుపుకైతే మూడు పళ్ల బ్లేడు. వేలి మందం తుప్పలకు చుట్టూ రంపపు పళ్లున్న గుండ్రటి బ్లేడు. ఆన్‌లైన్‌లో ఇనుప గొలుసు ముక్కలు వేలాడే హెడ్‌లు కూడా అమ్ముతుంటారు. వాటి జోలికి మాత్రం వెళ్లొద్దు. గొలుసు లింకు ఊడితే తూటాలా వెళ్తుంది. చేత్తో పట్టుకునే మిషన్లకు అలాంటివి అమ్మడాన్ని యూరోపియన్ యూనియన్ 2012లోనే నిషేధించింది.

ఇంకో మాట. జార్జ్ బాలస్ ఏమనుకున్నా, లేత చెట్టుకు వైరు కూడా ప్రమాదమే. నిరుడు నాటిన అంటు మామిడి మొదలు చుట్టూ బెరడు చెక్కుకుపోతే ఆ మొక్క బతకదు. మొక్క చుట్టూ ఓ జానెడు గడ్డి చేత్తోనే పీకేయండి.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా?

ఇక్కడే చాలామంది తికమకపడతారు. టూ స్ట్రోక్ ఇంజిన్‌కి నూనె వేసే గది వేరుగా ఉండదు. పెట్రోల్‌లోనే టూటీ ఆయిల్ కలిపి పొయ్యాలి. ఎంత కలపాలో మాన్యువల్ చెబుతుంది. 50:1 అని ఉంటే లీటరు పెట్రోల్‌కు 20 మి.లీ., 40:1 అయితే 25 మి.లీ., 25:1 అయితే 40 మి.లీ. అటకాయించి తగ్గిస్తే ఇంజిన్ సీజ్ అవుతుంది. ఎక్కువ పోస్తే పొగ, ప్లగ్గు నల్లబడి స్టార్ట్ అవదు. ఒక్కసారి మర్చిపోయి ఉత్త పెట్రోల్ పోశారో, కొత్త మిషన్ కూడా షెడ్డుకి వెళ్లాల్సిందే.

ఫోర్ స్ట్రోక్‌లో ఈ కలిపే గొడవ లేదు. పెట్రోల్ వేరు, నూనె వేరు, మన బైక్ లాగే. ఉదాహరణకు ఈ మిషన్లలో ఎక్కువగా కనిపించే హోండా జీఎక్స్35 ఇంజిన్ 35.8 సీసీ. అందులో పట్టే నూనె 100 మి.లీ. అంతే. మోత, పొగ కాస్త తక్కువ. కానీ ధర ఎక్కువ, నూనె లెవెల్ చూసుకుంటూ ఉండాలి.

మరి ఏది మంచిది? వాడేవాళ్లను బట్టి చెప్పాలి. కొలిచి కలిపే ఓపిక, అలవాటు ఉన్న చేతికి టూ స్ట్రోక్ చాలు, చవకలో వస్తుంది. ‘ఎంత పొయ్యాలిరా’ అని ప్రతిసారీ ఫోన్ చేసే నాన్నలకు ఫోర్ స్ట్రోక్ నయం.

సీసీ సంగతి కూడా అంతే. ఇంటి పెరట్లో గడ్డికి, మామూలు కలుపుకి 25 నుంచి 35 సీసీ సరిపోతుంది. 52 సీసీ అనేది రోజూ తోటల్లో తుప్పలు కొట్టేవాళ్లకు పనికొచ్చే సైజు. బుల్లెట్ బండి బాగుందని అమ్మకు కూరగాయల సంచి తగిలించుకోవడానికి కొనిస్తామా? ఇదీ అలాంటిదే.

బరువే అసలు పరీక్ష

పక్కకు తగిలించుకునే రకం మిషన్లు చాలావరకు ఏడు నుంచి తొమ్మిది కిలోలు తూగుతాయి. పెట్రోల్ పోశాక ఇంకాస్త. దాన్ని భుజానికి వేలాడేసుకుని, అటూ ఇటూ ఊపుతూ అరగంట నడవాలి. ఎనిమిది కిలోల బియ్యం సంచి భుజాన వేసుకుని పెరట్లో పది నిమిషాలు తిరిగి చూడండి, విషయం అర్థమవుతుంది.

ఇంజిన్ వీపు మీద ఉండే బ్యాక్‌ప్యాక్ రకం కూడా ఉంది. మొత్తం బరువు ఎక్కువే అయినా అది రెండు భుజాలకూ పంచుకుంటుంది, చేతుల మీద భారం తగ్గుతుంది. గట్లు, వాలు నేలలకు అనువు. కాకపోతే ఇంజిన్ వేడి వీపు దగ్గరే ఉంటుంది, అవసరమొస్తే చటుక్కున తీసి పడేయడం కష్టం.

కాబట్టి కొనేది ఆన్‌లైన్‌లోనైనా, ముందు ఏదో ఒక షాపులో వాడే మనిషి చేతే తగిలించి చూడండి. మూడు చూసుకోవాలి. బెల్టు బిగించాక కోసే కొస దానంతటదే నేలకు దగ్గరగా నిలుస్తోందా? బెల్టు రెండు భుజాలకూ వస్తోందా, ఒక్క దానికేనా? స్టార్టర్ తాడు వాళ్లంతట వాళ్లు లాగగలరా? మూడోదానికి ‘లేదు’ అని వస్తే ఆ మిషన్ మీ ఇంటికి వద్దు.

ధర కంటే మెకానిక్ ముఖ్యం

పేరు లేని మిషన్లు ఆన్‌లైన్‌లో పదివేల లోపే దొరుకుతాయి. పేరున్న కంపెనీ ఫోర్ స్ట్రోక్ అయితే పాతిక వేల చుట్టుపక్కల నుంచి మొదలు. తేడా పెద్దదే. కానీ వానాకాలం మధ్యలో కార్బొరేటర్ మొరాయిస్తే విప్పేవాడు మీ మండలంలో ఉన్నాడా? ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్, నైలాన్ హెడ్ దొరుకుతాయా? ఈ ప్రశ్నలకు ‘ఉన్నాడు, దొరుకుతాయి’ అని వచ్చే బ్రాండే మీకు మంచి బ్రాండ్.

పెట్రోల్ విషయంలోనూ ఓ జాగ్రత్త ఉంది. ఇప్పుడు మన బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. చిన్న ఇంజిన్ల మాన్యువళ్లలో చాలా వాటిలో 10 శాతం దాటొద్దని ఉంటుంది. అందుకే ‘ఈ20 పెట్రోల్‌కి ఇది సరిపోతుందా?’ అని డీలర్‌ని తప్పకుండా అడగండి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిల్వ ఉంచితే నీళ్లతో కలిసి అడుగుకు దిగిపోతుంది. అది ఇంజిన్‌లోకి వెళ్తే స్టార్ట్ అవదు, లోపల తుప్పు. కాబట్టి నెలకు సరిపడా మాత్రమే కొనండి. సీజన్ అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా తిప్పి అప్పుడు లోపల పెట్టండి. ‘పోయినేడు బాగానే తిరిగింది, ఈ ఏడు చచ్చిపోయింది’ అనే మాటకు చాలాసార్లు కారణం ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలే.

గార్డు ‘తర్వాత’ కాదు

చిన్న లెక్క. హెడ్ నిమిషానికి 6000 సార్లు తిరుగుతుంటే, 20 సెం.మీ. పొడవున్న వైరు కొస వేగం గంటకు 450 కిలోమీటర్లు. ఆ కొస ముందు గులకరాయి పడితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. మాన్యువళ్లు చుట్టూ 15 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదంటాయి. పిల్లలు, కోళ్లు, వీధిలో ఆగి ఉన్న కారు, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

మొదలుపెట్టే ముందు ఓ కర్రతో గడ్డి తడుముతూ ఒక చుట్టు తిరగాలి. రాళ్లు, సీసా పెంకులు, తీగ ముక్కలు ఏరేయొచ్చు. పామేదైనా ఉంటే అదీ తప్పుకుంటుంది. కళ్లకు గాగుల్స్, మొహానికి జాలీ షీల్డు, కాళ్లకు గమ్ బూట్లు, నిండు ప్యాంటు వేసుకోవాలి. మామూలు కళ్లజోడు రక్షణ కాదు. చెవులకు మఫ్స్ కూడా ఉండాలి. వయ్యారిభామ పడనివాళ్లకు ఒళ్లు దురద, ఆయాసం వస్తాయి కాబట్టి దాన్ని పువ్వు రాకముందే కోసేయండి, మాస్కు వేసుకోండి. బ్లేడు వేసినప్పుడు దాని ముందు కుడి అంచు మొద్దుకో గోడకో తగిలితే మిషన్ ఒక్కసారిగా ఎదురు తంతుంది. హెడ్‌లో గడ్డి చుట్టుకుంటే ఇంజిన్ ఆపాకే చెయ్యి పెట్టండి. వేడి ఇంజిన్‌లో పెట్రోల్ పొయ్యొద్దు.

ఇవన్నీ కొనేటప్పుడే బిల్లులో కలపండి. పదివేల మిషన్ కొని, ఐదొందల గాగుల్స్ దగ్గర బేరం ఆడే తెలివి నాకే ఉండేది.

ఆ 52 సీసీ మిషన్ని ఊళ్లో కొబ్బరి తోటలు చేసే కుర్రాడికి తక్కువకే ఇచ్చేశాం. వాడి భుజానికి అది సరిగ్గా నప్పింది. ఆ తర్వాత నేను ఊరెళ్లి, నాన్నని వెంటబెట్టుకుని అమలాపురంలో షాపుకి వెళ్లాను. నాలుగు మిషన్లు తగిలించి చూశారు. ఐదోది తగిలించుకుని, కాస్త అటూ ఇటూ ఊపి, ‘ఇది బరువనిపించట్లేదురా’ అన్నారు. సీసీ ఎంతని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు ఎండెక్కకముందు ఓ అరగంట, వారానికి రెండుసార్లు కోస్తారు. మొన్న వానల తర్వాత వీడియో కాల్ చేస్తే గాగుల్స్ తీయకుండానే మాట్లాడారు. వెనకాల బోరింగు దాకా దారి తెల్లగా కనిపిస్తోంది. అమ్మ బిందె పట్టుకుని, కాలు నేలకేసి కొట్టకుండా మామూలుగా నడిచి వెళ్తోంది.