పిక్కలోతు నీటి బరువు

ఈతకొలనులో నిలబడ్డంతసేపూ కాళ్ల నొప్పి తగ్గుతోంది. గట్టెక్కితే మళ్లీ మొదలవుతోంది. జర్మనీ నుంచి వచ్చి అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని టొలీడో నగరంలో స్థిరపడ్డ కాన్రాడ్ జాబ్స్ట్ అనే ఇంజినీరు తన కాళ్లలోనే ఈ తేడా గమనించాడు. ఆయనకు కాళ్ల సిరల జబ్బు ఉండేది. సిరల్లోని కవాటాలు బలహీనపడితే పైకి పోవలసిన రక్తం కిందే నిలిచిపోతుంది. కాళ్లు వాస్తాయి, సలుపుతాయి, పుండ్లు పడతాయి.

నీళ్లలో ఉపశమనం ఎందుకో ఆయన ఇంజినీరుగా ఆలోచించాడు. నీటి ఒత్తిడి లోతుతో పాటు పెరుగుతుంది. నిలబడిన మనిషికి అది చీలమండ దగ్గర అన్నిటికన్నా ఎక్కువ, మోకాలి దగ్గర తక్కువ, తొడ దగ్గర ఇంకా తక్కువ. ఈ క్రమమే రక్తాన్ని పైకి నెడుతోంది. కొలనును వెంట తీసుకెళ్లలేం. కానీ అదే క్రమంలో కాలిని పట్టి ఉంచే మేజోడు తయారుచేయవచ్చు. 1950 ప్రాంతంలో ఆయన ఆ పని చేశాడు. ఒక్కొక్కరి కాలి కొలతలు తీసుకుని, వారికే సరిపోయేలా కుట్టించిన మేజోళ్లవి. 1957లో ఆయన కన్నుమూశాడు. కాలిన గాయాల మచ్చలకు తన మేజోడు మందవుతుందని ఆయనకు తెలియదు.

ఆ మచ్చల కథ చెప్పుకోవాలంటే ముందు గాయం ఎలా మానుతుందో చూడాలి. చర్మం లోతుగా కాలినప్పుడు శరీరం ఆ ఖాళీని తొందరగా పూడ్చాలని చూస్తుంది. ఫైబ్రోబ్లాస్ట్‌లనే కణాలు అక్కడ చేరి కొల్లాజెన్ పోగులను నేస్తాయి. మామూలు చర్మంలో ఆ పోగులు బుట్ట అల్లికలా అమరి ఉంటాయి. కాలిన చోట నేత ఆగాల్సిన వేళకు ఆగదు. పోగులు చుట్టలు చుట్టుకుని ఉండలు కడతాయి, కొత్త రక్తనాళాలు గుంపుగా మొలుస్తాయి. మచ్చ ఎర్రబడి, గట్టిపడి, ఉబ్బుతుంది. విపరీతమైన దురద పెడుతుంది. అంతటితో ఆగక ముడుచుకుంటుంది. మోచేతి మడతలో ఉంటే చెయ్యి చాపనివ్వదు. మెడ మీద ఉంటే గడ్డాన్ని ఛాతీ వైపు లాగేస్తుంది.

ఇక్కడ ఇంట్లోవాళ్లు పొరబడే విషయం ఒకటుంది. గాయం మూసుకుంది, కట్లు విప్పారు, ఆసుపత్రి నుంచి పంపించారు, కనుక గండం గడిచిందని అనుకుంటాం. మచ్చ పని మొదలయ్యేది అప్పుడే. మానిన కొన్ని వారాలకు ఉబ్బడం మొదలుపెట్టి, ఏడాది, ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్ల దాకా పెరుగుతూ మారుతూ ఉంటుంది. కొలిమిలోంచి తీసిన ఇనుము ఎర్రగా ఉన్నంతసేపే వంగినట్టు, మచ్చ కూడా ఎర్రగా ఉన్నంతకాలమే మన మాట వింటుంది.

నొక్కితే మచ్చ అణుగుతుందన్న ఊహ పాతదే. ఫ్రెంచ్ వైద్యుడు పియర్ రేయే 1835లోనే దాని గురించి రాశాడు. అయితే ఆ ఊహ పద్ధతిగా మారింది టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో. అక్కడ పిల్లల కాలిన గాయాల కోసం నెలకొల్పిన ష్రైనర్స్ ఆసుపత్రిలో డుయేన్ లార్సన్ అనే శస్త్రవైద్యుడు పనిచేసేవాడు. 1960ల చివర్లో సిల్వర్‌స్టీన్ అనే వైద్యుడు, లార్సన్ ఒక వింత గమనించారు. సిరల జబ్బుకు వాడే బిగుతు మేజోడు కింద ఉన్న కాలిన మచ్చ చదునుగా, మెత్తగా మారింది. లార్సన్ బృందం దాన్ని కాకతాళీయమని వదిలేయలేదు. చేతులకు, ఛాతీకి, మెడకు, ముఖానికి సరిపోయే బిగువు దుస్తులు (ప్రెషర్ గార్మెంట్లు) తయారు చేయించింది. 1971లో ఫలితాలు ప్రచురించింది. జాబ్స్ట్ స్థాపించిన సంస్థే ఆ దుస్తుల తయారీకి ముందుకొచ్చింది. 1958లో డ్యుపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ రూపొందించిన స్పాండెక్స్ దారం కాలక్రమంలో వీటికి ప్రాణమైంది. సాగినా మళ్లీ యథాస్థితికి వచ్చే ఆ గుణమే ఇక్కడ మందు.

ఎంత ఒత్తిడి కావాలి? మన సన్నని కేశనాళికల్లో రక్తపు ఒత్తిడి సుమారు 25 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. బిగువు దుస్తులు కూడా దాదాపు అంతే ఒత్తిడిని లక్ష్యంగా పెట్టుకుంటాయి. నీటి లెక్కలో అది 34 సెంటీమీటర్ల లోతు, అంటే చెరువులో పిక్కలోతు దిగితే పాదం మీద పడే ఒత్తిడి. ఇంత చిన్న ఒత్తిడికే మచ్చలోకి రక్తం రాక తగ్గుతుంది, వాపు దిగుతుంది, ఆక్సిజన్ తగ్గి ఫైబ్రోబ్లాస్ట్‌ల నేత మందగిస్తుంది, ఉండలు కట్టిన పోగులు చర్మానికి సమాంతరంగా సర్దుకుంటాయి. వీటిలో ఏది ప్రధానమో ఇంకా చర్చ నడుస్తూనే ఉంది. ఈ చికిత్స సూత్రం చూడటానికి వేలు చాలు. ఎర్రని మచ్చను వేలితో నొక్కితే తెల్లబడుతుంది. ఆ తెల్లదనాన్ని నిలిపి ఉంచడమే ఈ దుస్తుల పని.

చెప్పినంత తేలిక కాదు కుట్టడం. ఒకే బిగువుతో దారం వేలికి చుడితే కోసుకుపోతుంది, నడుముకు చుడితే తెలియను కూడా తెలియదు. గుండ్రం చిన్నదయ్యేకొద్దీ ఒత్తిడి పెరుగుతుందన్నది లాప్లాస్ సూత్రం. అందుకే మణికట్టు దగ్గర వదులు ఇవ్వాలి, తొడ దగ్గర బిగించాలి. ఛాతీ మధ్య, చంకలో, అరచేతి పల్లంలో బట్ట అసలు ఆనదు. అక్కడ స్పాంజి ముక్కలో సిలికోన్ మెత్తలో లోపల పెట్టాలి. ముఖానికి 1970ల చివరలో పారదర్శక ప్లాస్టిక్ మాస్కు వచ్చింది. మచ్చ తెల్లబడిందో లేదో బయటినుంచే కనిపించడం దాని గొప్పతనం. ఇప్పుడు ముఖాన్ని స్కాన్ చేసి, త్రీడీ ప్రింటర్‌తోనూ అలాంటి మాస్కులు తయారు చేస్తున్నారు. చెవి కుట్టించుకున్న చోట కీలాయిడ్ అనే ఉబ్బెత్తు మచ్చ పెరిగితే, శస్త్రచికిత్సతో తీసేశాక అది తిరిగి రాకుండా చెవి తమ్మెను రెండు వైపులా నొక్కిపట్టే క్లిప్పు పెడతారు. అది కూడా ఈ కుటుంబంలోదే.

ఈ వైద్యంలో అసలు భారం తొడుక్కున్న మనిషిది. రోజుకు 23 గంటలు తొడుక్కోవాలి. స్నానానికి, మచ్చకు నూనె రాసి మర్దనా చేయడానికి మాత్రమే విప్పాలి. అలా నెలల తరబడి, మచ్చ పండేదాకా, అంటే ఎరుపు తగ్గి మెత్తబడేదాకా. రెండు జతలు ఉండాలి, ఒకటి ఉతికితే ఒకటి ఒంటి మీద. రెండు మూడు నెలలకు బట్ట సాగిపోతుంది, కొత్తది కుట్టించుకోవాలి. మన మే నెల ఎండల్లో ఒంటికి అతుక్కున్న ఆ బట్టలో చెమట, దురద ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కర్లేదు. దానికి తోడు వీధిలో చూపులు. పిల్లలకైతే ఎదిగే దవడ ఎముక మీద ఒత్తిడి పడుతుంది కాబట్టి ముఖం మాస్కును వైద్యులు దగ్గరుండి గమనిస్తూ ఉండాలి. తిమ్మిరి పట్టినా, వేళ్లు నీలి రంగుకు తిరిగినా వెంటనే విప్పి చూపించుకోవాలి.

ఇంత కష్టానికి ఫలితం ఉందా? ఇది అడగవలసిన ప్రశ్నే. 1995లో 122 మందిపై వెలువడిన అమెరికన్ అధ్యయనం, మచ్చ పండటానికి పట్టే కాలంలో తేడా లేదంది. 2010లో ప్రచురితమైన మరో అధ్యయనం పన్నెండేళ్లు సాగింది. ఒకే మనిషి గాయంలో ఒక భాగానికి మామూలు ఒత్తిడి, మరో భాగానికి తక్కువ ఒత్తిడి ఇచ్చి పోల్చారు. మామూలు ఒత్తిడి అందిన చోట మచ్చ మెత్తగా, పలుచగా ఉంది. అయితే ఆ మేలు మచ్చ ఓ మోస్తరుగానో తీవ్రంగానో ఏర్పడేవారిలోనే కనిపించింది. అందుకే అందరికీ తొడగరు. రెండు వారాల లోపు మానిన గాయానికి సాధారణంగా అవసరం రాదు. మూడు వారాలు దాటినా మానని గాయం, స్కిన్ గ్రాఫ్ట్ వేసిన చోటు ఉబ్బే ప్రమాదం ఎక్కువ. వ్యాయామం, స్ప్లింటు, సిలికోన్ జెల్‌తో కలిసి నడిచే వైద్యం ఇది. వాటికి బదులు కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఓ మోస్తరుగానో తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారు. సలసల కాగే సాంబారు గిన్నె పక్కన పాకే పసివాళ్లు వాళ్లలో ఉన్నారు, స్టవ్ ముందు చీర అంటుకున్న ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల ప్రాణం కాపాడాక వైద్యం సగమే అయినట్టు. మిగతా సగానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఒళ్లు కొలిచి ఓపిగ్గా కుట్టే మనిషి, నెలకోసారి చూసే థెరపిస్టు, విప్పేస్తానని ఏడ్చే బిడ్డకు మళ్లీ తొడిగే అమ్మ ఉండాలి.

కాబట్టి మనవాళ్లెవరినైనా కాలిన గాయాల వార్డు నుంచి ఇంటికి పంపేటప్పుడు ఒక్క మాట అడగండి: ‘ఈ గాయం మానడానికి మూడు వారాలు దాటింది కదా, ప్రెషర్ గార్మెంట్ కావాలా, కొలతలు ఎవరు తీస్తారు?’ ఆ రోజు అడిగితే మచ్చ ఇంకా ఎర్రగానే ఉంటుంది.