మార్కులు పెరిగాయి సరే... ప్రోగ్రామ్ వల్లేనా?

మొన్న మా అమ్మాయి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. సాయంత్రం పూట నడిపే మ్యాథ్స్ ప్రోగ్రామ్‌ను వచ్చే ఏడాదీ కొనసాగించాలా, అందుకు తల్లిదండ్రులంతా డబ్బులు వేసుకోవాలా అన్నది ప్రశ్న. సెప్టెంబర్ కంటే మే నెలలో మార్కులు పెరిగాయని గ్రాఫ్ చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం సందేహం పోలేదు.

ఆ నెలల్లో టీచర్ క్లాసులో పాఠాలు చెప్పారు. ఇళ్లలో మనమూ ఎక్కాలు వల్లె వేయించాం. పెరిగిన మార్కుల్లో ప్రోగ్రామ్ వాటా ఎంత?

దీన్ని తేల్చడానికి ముందుగా 'ప్రోగ్రామ్ వల్ల తేడా ఏమీ లేదు' అనుకోవాలి. ఇదే నల్ హైపోథిసిస్. నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషి అన్నట్టే. అందులో చేరిన పిల్లలను, చేరని పిల్లలతో పోల్చాలి. నిజంగా ప్రభావమేమీ లేకపోతే, ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశమెంతో లెక్కకట్టాలి. అది 5 శాతం కంటే తక్కువైతే 'తేడా లేదు' అన్న మాటను సాధారణంగా తోసిపుచ్చుతారు. అయితే చదువుపై శ్రద్ధ ఉన్నవాళ్లే చేరితే పోలిక చెడుతుంది. అందుకే లాటరీ కావాలి.

దీనికి మంచి ఉదాహరణ మన ఊళ్లలోనే ఉంది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక అధ్యయనం మొదలుపెట్టారు. లాటరీలో ఎంపికైన 200 ప్రభుత్వ బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చారు. మరో 100 బడులను మామూలుగానే ఉంచారు. రెండేళ్లకు బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ ముందున్నారు. అంటే లెక్కల్లో వందమందిలో సరిగ్గా మధ్యన ఉన్న పిల్లవాడు సుమారు పదిమందిని దాటినట్టు. ఈ తేడా కాకతాళీయం కాదని పరీక్షలోనూ తేలింది.

ఒక జాగ్రత్త. పిల్లలు కొద్దిమందే ఉంటే మంచి ప్రోగ్రామ్ కూడా ఈ పరీక్షలో తేలకపోవచ్చు. వేలమంది ఉంటే పిసరంత తేడా కూడా నెగ్గుతుంది. కాబట్టి తేడా ఉందా అనే కాదు, ఎంత అనీ అడగాలి.

మీటింగులో లేచి, ఎలాగూ అడిగేవాళ్లకంటే సీట్లు తక్కువ కాబట్టి ఈసారి చీటీలు వేద్దామన్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది: "ఏమండీ, మన పిల్లకే సీటు రాకపోతే?" ఆ మాట నాకూ గుచ్చుకుంది. కానీ ముందొచ్చినవాళ్లకు ఇచ్చేకంటే చీటీయే న్యాయం. ఏడాది చివర నిజమూ తెలుస్తుంది.

మీ పిల్లల స్కూల్లోనూ ఇలాంటి గ్రాఫ్ చూపిస్తే ఒక్క ప్రశ్న అడగండి: "ఈ ప్రోగ్రామ్‌లో లేని పిల్లల మార్కులు ఎంత పెరిగాయి?"